వికేంద్రీకృత ఆన్‌లైన్ వేదికలు: అవకాశాలు, బాధ్యతలు

పేదింటి విద్యార్థి ఫీజు దరఖాస్తు మొదలుకొని రంజాన్ మాసంలో రేషన్ కిట్ల పంపిణీ వరకు, ఈనాడు మన సొసైటీ వంటి సంస్థల కబుర్లన్నీ ఫోన్ల మీదుగానే నడుస్తున్నాయి. ఎవరికైనా రక్తం కావాలన్నా, జనాజా నమాజు వేళ తెలియజేయాలన్నా వాట్సాప్ గ్రూపు ఉంది. సభ ఫొటోలకు ఫేస్‌బుక్ పేజీ, ఉపన్యాసాలకు యూట్యూబ్ చానల్ ఉన్నాయి. వీటి మేలును మేము తక్కువ చేసి చెప్పడం లేదు. కరోనా రోజుల్లో బడులు మూతపడినప్పుడు పిల్లలకు పాఠాలు చేరవేసింది ఈ ఫోన్లే. ఆక్సిజన్ సిలిండర్ ఎక్కడ దొరుకుతుందో చెప్పిందీ ఇవే.

అయితే దాతలు ఏ పనికి డబ్బు ఇచ్చినా ముందు ఒక ప్రశ్న అడుగుతారు. ‘స్థలం ఎవరి పేరున ఉంది?’ బడి గదికైనా, షాదీఖానాకైనా, బోరుబావికైనా ఈ ప్రశ్న తప్పదు. మన మాటలు, ఫొటోలు, చిరునామాలు, ఏళ్ల తరబడి పోగైన సమాచారం నిలిచి ఉన్న ఆన్‌లైన్ స్థలం గురించి మాత్రం ఈ ప్రశ్న మనం అడగడం లేదు. అడిగితే జవాబు సులభమే. ఆ స్థలం మనది కాదు. మనం అద్దె కూడా లేకుండా అందులో ఉంటున్నాం. యజమాని పొమ్మంటే చూపించడానికి కాగితం లేదు.

ఈ పరిస్థితికి మార్గాంతరంగా కొంతకాలంగా వినిపిస్తున్న మాట వికేంద్రీకరణ. ఒకే కంపెనీ చేతిలో లేకుండా, అనేక సంస్థలూ వ్యక్తులూ కలిసి నడిపే ఆన్‌లైన్ వేదికలు ఇప్పటికే పనిచేస్తున్నాయి. వాటివల్ల ఒనగూడేదేమిటి, వాటిలో చిక్కులేమిటి, మన వంటి సంస్థ వాటి విషయంలో ఏం చేయవచ్చు అన్నది ఈ వ్యాసంలో వివరించడానికి ప్రయత్నిస్తాం.

ఒకరి చేతిలో ఉన్న బావి

మదీనాలోని రూమా బావి సంగతి మన పిల్లలకు కూడా తెలిసినదే. ఆ బావి యజమాని నీటిని వెలకట్టి అమ్మేవాడనీ, హజ్రత్ ఉస్మాన్ (రజి) దాన్ని కొని అందరి వాడకానికి ధర్మంగా విడిచిపెట్టారనీ చరిత్ర చెబుతుంది. ఆ బావిలో నీళ్లకు కొదవ లేదు, రుచికీ లోటు లేదు. అవి ఒక మనిషి ఇష్టం మీద ఆధారపడి ఉండడమే ఊరికి వచ్చిన ఇబ్బంది.

ఆన్‌లైన్ వేదికలకు వచ్చిన ఇబ్బందీ ఇదే. 2021 అక్టోబరు 4న మన దేశంలో రాత్రి తొమ్మిది దాటాక ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఒకేసారి ఆగిపోయాయి. సుమారు ఆరు గంటల పాటు ప్రపంచమంతటా అదే పరిస్థితి. ఇందులో శత్రువుల దాడి ఏదీ లేదు. కంపెనీ తన యంత్రాల అమరికలో చేసిన ఒక మార్పు బెడిసికొట్టింది. మూడు వేదికలకూ యజమాని ఒక్కరే కాబట్టి మూడూ కలిసి పడిపోయాయి.

ఆగిపోవడం ఒక రాత్రి సమస్య. మూతపడడం అంతకంటే పెద్దది. ఒకప్పుడు మన దేశ యువతంతా వాడిన ఆర్కుట్‌ను గూగుల్ 2014 సెప్టెంబరు 30న మూసివేసింది. యాహూ గ్రూప్స్‌లో ఏళ్ల తరబడి ఎన్నో చర్చలు సాగాయి. వాటిలో తెలుగు సాహిత్య చర్చలూ ఉన్నాయి. 2019 చివర పాత ఉత్తరాల నిల్వలను తొలగించారు, 2020 డిసెంబరులో ఆ సేవనే ఎత్తివేశారు. ముందుగా దించి దాచుకున్నవారి దగ్గర తప్ప ఆ సంభాషణలు మిగల్లేదు. తెలుగు సహా భారతీయ భాషల్లో రాసుకోవడానికి వీలుగా మన దేశంలోనే పుట్టిన కూ అనే వేదిక 2024 జూలైలో మూతపడింది. యజమాని విదేశీయుడైనా స్వదేశీయుడైనా లాభం రానిచోట దుకాణం నడపలేడు. అందులో ఆయన తప్పేమీ లేదు. ఊరుమ్మడి అవసరాన్ని ఒక దుకాణం మీద వదిలేసిన పొరపాటు మాత్రం ఊరిది.

మూడో ఇబ్బంది కంటికి కనిపించదు. మనం పెట్టిన కబురు ఎవరి ఫోనులో పైన కనబడాలో, ఎవరికి అసలు కనబడకూడదో కంపెనీ లెక్కలు నిర్ణయిస్తాయి. ప్రకటనల ఆదాయం మీద బతికే వేదికకు మనుషులు ఎంతసేపు తెర చూస్తే అంత లాభం. కోపం తెప్పించే మాట, భయపెట్టే వదంతి మనిషిని తెరకు ఎక్కువసేపు కట్టిపడేస్తాయి. స్కాలర్‌షిప్ గడువు ప్రకటన అంతసేపు నిలబెట్టలేదు. ఏది ముందుకు వస్తుందో, ఏది వెనక్కి పోతుందో పాఠకులు ఊహించుకోగలరు.

వికేంద్రీకరణ అంటే ఏమిటి?

ఈ పదం కొత్తగా అనిపించినా సంగతి మనకు అలవాటైనదే. మన దాతల్లో ఒకరు ఫోన్‌పేలో డబ్బు పంపుతారు. సొసైటీ ఖాతా గూగుల్ పేలో ఉండవచ్చు, బ్యాంకు సొంత యాప్‌లో ఉండవచ్చు. అయినా డబ్బు చేరుతుంది. ఎందుకంటే యాప్‌లు వేరైనా అన్నీ యూపీఐ అనే ఒకే నియమావళిని పాటిస్తాయి. అదే, వాట్సాప్‌లో ఉన్నవారు టెలిగ్రామ్‌లో ఉన్నవారికి సందేశం పంపాలంటే వారూ వాట్సాప్‌లోకి రావాలి, లేదా వీరు టెలిగ్రామ్‌కు పోవాలి. డబ్బుకు ఉన్న స్వేచ్ఛ మాటకు లేకపోయింది.

యూపీఐకి మధ్యలో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ అనే ఒక పెద్ద సంస్థ ఉంది. ఆ మధ్యవర్తి కూడా లేని ఉదాహరణ కావాలంటే ఈమెయిల్‌ను చూడాలి. ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి ఉత్తరం ఎలా పోవాలో చెప్పే నియమాలను 1982లో ప్రకటించారు. ఆ నియమాలు అందరివీ. విశ్వవిద్యాలయం తన ఈమెయిల్ తాను నడుపుకోవచ్చు, కంపెనీ తనది తాను నడుపుకోవచ్చు. జీమెయిల్ ఉన్నవారు యాహూ ఉన్నవారికి రాయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఒక కంపెనీ మూతపడితే దాని ఖాతాదారులకు ఇబ్బందే గాని ఈమెయిల్ అనే వ్యవస్థ మూతపడదు.

సామాజిక మాధ్యమాలను కూడా ఇలాగే నడపవచ్చు గదా అన్న ఆలోచనే వికేంద్రీకృత వేదికలకు మూలం. వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ త్రీ సీ అనే అంతర్జాతీయ సంస్థ 2018 జనవరిలో యాక్టివిటీపబ్ అనే నియమావళిని ఆమోదించింది. ఎవరు ఏం రాశారు, ఎవరు ఎవరిని అనుసరిస్తున్నారు, ఎవరు జవాబిచ్చారు అన్న సమాచారాన్ని వేర్వేరు సర్వర్లు ఒకదానితో ఒకటి ఎలా ఇచ్చిపుచ్చుకోవాలో అది చెబుతుంది. సర్వర్ అంటే మరేమీ కాదు, మన రాతలను దాచి అడిగినవారికి అందించే కంప్యూటరు. ఈ నియమాలు పాటించే సర్వర్లన్నీ కలిస్తే ఏర్పడే సమూహాన్ని ఫెడివర్స్ అంటున్నారు. అందులో చిన్న రాతలకు మాస్టోడాన్, ఫొటోలకు పిక్సెల్‌ఫెడ్, వీడియోలకు పీర్‌ట్యూబ్ ఉన్నాయి. పీర్‌ట్యూబ్‌ను తయారుచేసిన ఫ్రామాసాఫ్ట్ ఫ్రాన్స్ దేశంలో విరాళాల మీద నడిచే సంఘం. వీటన్నిటి ప్రోగ్రాములు ఉచితం. ఎవరైనా తెచ్చుకొని సొంత సర్వర్‌లో నడపవచ్చు.

మాస్టోడాన్ చెప్పిన పాఠం

వీటిలో ఎక్కువ పేరు తెచ్చుకున్నది మాస్టోడాన్. జర్మనీలో ఉండే యూజెన్ రోచ్కో అనే యువకుడు 2016లో దీన్ని ప్రారంభించారు. చూడడానికి పాత ట్విట్టర్ లాగే ఉంటుంది. ప్రకటనలు ఉండవు. మనం అనుసరించేవారి రాతలు రాసిన వరుసలోనే వస్తాయి. ఖాతా తెరవాలంటే ముందు ఒక సర్వర్‌ను ఎంచుకోవాలి. ఒక్కో సర్వర్ ఒక్కో మొహల్లా లాంటిది. దాని నిర్వాహకుడు వేరు, దాని నియమాలు వేరు. అయినా ఒక మొహల్లావారు మరో మొహల్లావారితో మాట్లాడుకోవచ్చు. ఒక సర్వర్ నచ్చకపోతే మరొకదానికి మారవచ్చు. మారినప్పుడు మనల్ని అనుసరించేవారు మన వెంట వస్తారు. మొబైల్ నంబరు మార్చకుండా కంపెనీ మారినట్టే. ఒక తేడా ఉంది. పాత రాతలు మాత్రం పాత ఇంట్లోనే ఉండిపోతాయి.

మన దేశంలో దీని పేరు 2019లో వినిపించింది. సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ట్విట్టర్ ఖాతాను ఆ ఏడాది అక్టోబరు, నవంబరు నెలల్లో నిలిపివేశారు. అందుకు కారణమైనవాటిలో 1936 నాటి ఒక ఫొటో ఉంది. జర్మనీలో జనమంతా నాజీ వందనం చేస్తుంటే ఒక్కడు చేతులు కట్టుకొని నిలబడ్డ ఫొటో అది. దీనికి నిరసనగానూ, దళితులనూ మైనారిటీలనూ దూషించే రాతల మీద మాత్రం చర్యలు లేవన్న అసంతృప్తితోనూ వేలాది భారతీయులు ఆ నవంబరులో మాస్టోడాన్‌లో ఖాతాలు తెరిచారు. అయితే వారిలో చాలామంది ఎక్కువ రోజులు నిలవలేదు. కారణం సులభంగా అర్థమవుతుంది. తమ బంధుమిత్రులు, పత్రికలవారు, నాయకులు అందరూ పాత చోటే ఉన్నారు. సంతలో మనుషులు లేకపోతే దుకాణం ఎంత బాగున్నా ఏం లాభం?

2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లకు ట్విట్టర్‌ను కొన్నప్పుడు ఇదే కథ ప్రపంచవ్యాప్తంగా జరిగింది. అక్టోబరు, నవంబరు నెలల్లోనే మాస్టోడాన్ వాడేవారి సంఖ్య నెలకు సుమారు 3 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగిందని ఆ సంస్థ ప్రకటించింది. కొద్ది నెలల్లోనే వారిలో లక్షలమంది జారిపోయారు. ఉన్నవారు మాత్రం గట్టిగా నిలిచారు. జర్మనీ, నెదర్లాండ్స్ ప్రభుత్వ సంస్థలు సొంత సర్వర్లు పెట్టుకున్నాయి. 2023లో బీబీసీ కూడా ప్రయోగాత్మకంగా ఒకటి ప్రారంభించింది. తమ మాట తమ స్థలం నుంచే వెళ్లాలన్నది వారి ఉద్దేశం.

కేంద్రం లేకపోతే కాపలా ఎవరిది?

ఇంతవరకు ఆశల సంగతి. ఇక చిక్కుల దగ్గరకు వద్దాం. మొదటిది కాపలా.

కంపెనీ వేదికల్లో దూషణ, వదంతి, అశ్లీలత కనబడితే ఫిర్యాదు చేయడానికి ఒక తలుపైనా ఉంటుంది. తలుపు తీస్తారా లేదా అన్నది వేరే మాట. వికేంద్రీకృత వేదికలో ఏ సర్వర్ కాపలా ఆ సర్వర్ నిర్వాహకుడిదే. చాలా చోట్ల ఆయన ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు ఈ పని చూసే స్వచ్ఛంద కార్యకర్త. సర్వర్లన్నిటి మీదా అధికారం ఉన్నవారు ఎవరూ లేరు.

ఇది రెండంచుల కత్తి. 2019 జూలైలో, విద్వేష రాతలకు పేరుపడ్డ గాబ్ అనే అమెరికా వేదిక మాస్టోడాన్ ప్రోగ్రామును వాడుకోవడం మొదలుపెట్టింది. ప్రోగ్రాము అందరిదీ కాబట్టి ఆపడానికి ఎవరికీ వీలు లేదు. అప్పుడు మిగతా సర్వర్లు ఒక పని చేశాయి. దానితో సంబంధాలు తెంచుకున్నాయి. ఊరు నుంచి వెళ్లగొట్టలేకపోయినా ఎవరి గుమ్మం వారు మూసుకున్నారు. ఆ విద్వేషం దాని ప్రహరీ లోపలే ఉండిపోయింది. ఒక కంపెనీ అనుమతి కోసం ఎదురుచూడకుండా ఒక సముదాయం తన పిల్లలను తానే కాపాడుకోవడానికి ఇది పనికివచ్చే ఆయుధమని మేము భావిస్తున్నాం.

అంతకు ముందు 2014లో జరిగినది రెండో అంచు. డయాస్పొరా అనే మరో వికేంద్రీకృత వేదిక ఉంది. 2010లో న్యూయార్కులో నలుగురు విద్యార్థులు ప్రజల నుంచి చందాలు పోగుచేసి దాన్ని మొదలుపెట్టారు. ఐసిస్ ఉగ్రవాద ముఠాను ట్విట్టర్ తొలగించడంతో, 2014 ఆగస్టులో దాని ప్రచారకులు డయాస్పొరాలో చేరారు. మొత్తం వ్యవస్థ నుంచి వారిని తీసివేసే మీట తమ దగ్గర లేదని ప్రాజెక్టు నిర్వాహకులు బహిరంగంగా చెప్పవలసి వచ్చింది. వారు ఒక్కో సర్వర్ నిర్వాహకుడినీ పిలిచి చెప్పారు. పెద్ద సర్వర్లు ఆ ఖాతాలను తొలగించాయి. మన పేరు చెప్పుకొని మనకే చెరుపు చేసే ముఠాలు ఉన్న కాలంలో, మన సముదాయం సర్వర్ పెడితే దాని కాపలా పట్ల ఎంత జాగ్రత్తగా ఉండాలో ఈ ఉదంతం చెబుతుంది. ఎవరో ఒక ఆకతాయి రాసిన రాత సొసైటీ పేరున తిరగడానికి ఒక రాత్రి చాలు.

చట్టం కూడా ఇక్కడ గమనించాలి. ఇతరుల రాతలను దాచి అందించే ప్రతి సంస్థనూ మన సమాచార సాంకేతిక చట్టం మధ్యవర్తిగా పరిగణిస్తుంది. ఫిర్యాదుల అధికారిని నియమించి ఆ పేరు ప్రకటించడం, నిర్ణీత గడువులో ఫిర్యాదులు పరిష్కరించడం, కోర్టు లేదా ప్రభుత్వం ఆదేశిస్తే రాతను తొలగించడం 2021 నియమాల ప్రకారం తప్పనిసరి. ఇవి పాటించని మధ్యవర్తికి చట్టం ఇచ్చే రక్షణ పోతుంది. అప్పుడు ఇతరుల రాతకు మనం జవాబు చెప్పవలసి రావచ్చు.

సర్వర్ అద్దె ఎవరు కడతారు?

రెండో చిక్కు డబ్బు. ప్రకటనలు లేవంటే ఆదాయం లేదని అర్థం. ఆదాయం లేకపోయినా సర్వర్ అద్దె నెలనెలా వస్తుంది. ఇతర సర్వర్ల నుంచి వచ్చే ఫొటోల ప్రతులు కూడా మన దగ్గర నిలవ ఉంటాయి కనుక స్థలం ఖర్చు పెరుగుతూనే ఉంటుంది. ప్రోగ్రాములో లోపాలు బయటపడినప్పుడల్లా వెంటనే సరిచేయాలి, లేకపోతే దొంగలు జొరబడతారు. నిర్వాహకుడికి జబ్బు చేసినా, ఉద్యోగం మారినా, విసుగు పుట్టినా ఆ సర్వర్ మీద ఆధారపడ్డ వేలమంది వీధిన పడతారు. 2022లోనే పేరున్న ఒక మాస్టోడాన్ సర్వర్‌ను దాని ఏకైక నిర్వాహకుడు కుటుంబ కారణాల వల్ల మూసివేయవలసి వచ్చింది.

ఇది చిన్నవారికే వచ్చే కష్టమని అనుకోనక్కరలేదు. యూరోపియన్ యూనియన్ సంస్థల కోసం అక్కడి డేటా రక్షణ అధికారి 2022 ఏప్రిల్‌లో ఈయూ వాయిస్ అనే మాస్టోడాన్ సర్వర్‌ను ప్రయోగాత్మకంగా ప్రారంభించారు. దాని బాధ్యత స్వీకరించడానికి మరో సంస్థ ముందుకు రాకపోవడంతో 2024 మే నెలలో దాన్ని మూసివేశారు. అక్కడ డబ్బుకు కొదవ లేదు, నిపుణులకూ కొదవ లేదు. శాశ్వతంగా ఎవరు చూసుకోవాలన్న ఒప్పందం లేకపోయింది. మాస్టోడాన్ మాతృసంస్థ కూడా 2021లో జర్మనీలో లాభాపేక్ష లేని సంస్థగా నమోదైంది. 2024లో అక్కడి పన్నుల శాఖ ఆ హోదాను రద్దు చేసింది. ధర్మ సంస్థల రిజిస్ట్రేషన్లు, మినహాయింపు పత్రాల చుట్టూ తిరిగిన మన కార్యదర్శులకు ఈ కష్టం కొత్తగా వివరించనక్కరలేదు.

ఇక్కడే ఇది మన దాతలకు బాగా తెలిసిన విషయంగా మారుతుంది. వక్ఫ్ భూమి ఇచ్చినవారు తమ వంతు మేలు చేసి వెళతారు. ఆ భూమి నిలుస్తుందా, ఆక్రమణలో పోతుందా అన్నది ముతవల్లీ నిజాయితీ మీదా, మరమ్మతులకు వచ్చే ఆదాయం మీదా, లెక్కలు అడిగే జమాత్ మీదా ఆధారపడి ఉంటుంది. ఊరికి విడిచిన బావికి కూడా ఏటేటా పూడిక తీయాలి, గిలకకు కొత్త తాడు కట్టాలి. ఒకరి పెత్తనం పోయినంత మాత్రాన బావి తనంతట తాను శుభ్రంగా ఉండదు. వికేంద్రీకరణ యజమానిని తొలగిస్తుంది, యజమాని చేసే పనిని మాత్రం తొలగించదు. ఆ పని మన అందరి మీదా పడుతుంది. మేము ఈ వ్యాసంలో చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే.

మాస్టోడాన్ నిర్వాహకులు ఈ సంగతి గ్రహించి, తమ వెబ్‌సైటు జాబితాలో చేరాలనుకునే సర్వర్లకు నాలుగు షరతులు పెట్టారు. జాతి విద్వేషం, స్త్రీ ద్వేషం వంటివాటిని చురుగ్గా అడ్డుకోవాలి. ప్రతిరోజూ సమాచారానికి అదనపు ప్రతి తీసి దాచాలి. అత్యవసర వేళ సర్వర్‌ను తెరవగలిగే వ్యక్తి ఇంకొకరు తప్పక ఉండాలి. మూసివేయాలనుకుంటే కనీసం మూడు నెలల ముందు తెలియజేయాలి. ముతవల్లీకి పెట్టే షరతులకూ వీటికీ తేడా ఎక్కడుంది?

చెరపలేని రాత

మూడో చిక్కు మన వంటి సంస్థకు అన్నిటికంటే ముఖ్యమైనది. వికేంద్రీకృత వేదికలో మనం ఒక ఫొటో పెడితే దాని ప్రతులు అనేక సర్వర్లకు చేరతాయి. తరువాత మనం దాన్ని తొలగిస్తే ఆ సర్వర్లకు కూడా తొలగించమని విన్నపం వెళుతుంది. అది విన్నపమే గాని ఆజ్ఞ కాదు. ఏదో ఒక సర్వర్ దాన్ని పట్టించుకోకపోతే ఆ ఫొటో అక్కడ ఉండిపోతుంది. పోలీసు కేసు పెట్టాలన్నా ఆ సర్వర్ ఏ దేశంలో ఉందో వెతకాలి. ఇక మాస్టోడాన్‌లో ఇద్దరి మధ్య పంపుకొనే సందేశాలకు వాట్సాప్ తరహా తాళం లేదు. సర్వర్ నిర్వాహకుడు తలచుకుంటే చదవగలడు.

ఫీజు సాయం అందుకున్న అమ్మాయి చెక్కు పట్టుకొని నిలబడ్డ ఫొటోను ఒక్కసారి తలచుకోండి. దాతకు ఆనందం, సొసైటీకి సాక్ష్యం. ఆ అమ్మాయి చదువుకొని ఉద్యోగం తెచ్చుకున్నాక, పెళ్లి సంబంధం కుదిరే వేళ, ఆ ఫొటో ఎక్కడో ఒకచోట నుంచి తిరిగి వస్తుంది. కుడి చేత్తో ఇచ్చినది ఎడమ చేతికి తెలియకూడదని చిన్నప్పటి నుంచి వింటున్న మనం లోకమంతటికీ తెలిసేలా చేశామన్న మాట. ఈ ప్రమాదం ఫేస్‌బుక్‌లోనూ ఉంది. వికేంద్రీకృత వేదికలో చెరపడం ఇంకా కష్టం. బడిలో ముప్పై ఏళ్లుగా పిల్లల మధ్య ఉన్నవారిగా మేము గట్టిగా చెప్పగలిగేది ఒకటే. సాయం పొందినవారి ముఖం, పేరు, చిరునామా ఏ వేదిక మీదా పెట్టకూడదు. లెక్క చూపడానికి సంఖ్యలు చాలు, ఆడిటర్ సంతకం చాలు.

పెద్ద చేపలు తిరిగి వస్తాయా?

ఇంకొక సందేహం మిగిలింది. ఈ వేదికలు కూడా చివరికి ఒకరిద్దరి చేతుల్లోకే పోతాయా? ఈమెయిల్ నియమాలు అందరివే అయినా ఈనాడు ఉత్తరాల్లో అధిక భాగం గూగుల్, మైక్రోసాఫ్ట్ యంత్రాల మీదుగానే నడుస్తున్నాయి. సొంత ఈమెయిల్ సర్వర్ నడిపే చిన్న సంస్థ ఉత్తరాలు తరచు స్పామ్ పెట్టెలో పడుతుంటాయి. ఫేస్‌బుక్ యజమాని మెటా 2023 జూలైలో ప్రారంభించిన థ్రెడ్స్‌కు అయిదు రోజుల్లోనే పది కోట్లమంది చేరారు. 2024లో అది ఫెడివర్స్‌తో సంబంధం కలుపుకోవడం మొదలుపెట్టినప్పుడు కొన్ని సర్వర్లు స్వాగతం పలికాయి, కొన్ని తలుపు మూసుకున్నాయి. వికేంద్రీకరణ పేరుతోనే వచ్చిన బ్లూస్కై 2024 ఫిబ్రవరిలో అందరికీ తెరుచుకుంది. దాని వాడుకదారుల్లో అత్యధికులు ఆ కంపెనీ సొంత సర్వర్లలోనే ఉన్నారు.

కాబట్టి నియమావళి తలుపు తెరిచి పెడుతుంది, అంతే. తలుపు తెరిచి ఉన్నా జనం అటు నడవకపోతే పాత పెద్దరికమే తిరిగి వస్తుంది. ఎక్కువమంది సౌకర్యం ఉన్నచోటికే పోతారు. అందులో తప్పుపట్టవలసినది లేదు. కానీ వెళ్లిపోగలిగే వీలు మిగిలి ఉండడమే ఒక రక్షణ. ఖాతాదారుడు వెళ్లిపోగలడని తెలిసిన దుకాణదారుడు తూకంలో జాగ్రత్తగా ఉంటాడు.

మన సొసైటీ చేయదగినవి

ఇదంతా చదివి రేపే ఒక సర్వర్ కొనాలని మేము సూచించడం లేదు. వాట్సాప్ వదిలేయాలనీ చెప్పడం లేదు. మన తల్లులూ పెద్దలూ అక్కడే ఉన్నారు, కబురు వారికి అందాలి. చిన్న అడుగులతో మొదలుపెట్టవచ్చు.

మొదటిది, సొసైటీకి సొంత వెబ్‌సైటు పేరు ఉండాలి. అది ఏ ఒక్క కార్యకర్త పేరున గాక సొసైటీ పేరునే నమోదు కావాలి. దాని పాస్‌వర్డ్ కనీసం ఇద్దరు బాధ్యుల దగ్గర ఉండాలి, ఏటా రెన్యువల్ తేదీ మినిట్స్ పుస్తకంలో రాయాలి. ఏ ప్రకటన అయినా ముందు అక్కడ పెట్టి, తరువాత అదే ఇతర వేదికల్లో పంచుకోవాలి. అప్పుడు ఏ వేదిక మూతపడినా అసలు ప్రతి మన ఇంట్లోనే ఉంటుంది.

రెండవది, దాతల ఫోను నంబర్లు, పాత సావనీర్లు, సభల ఫొటోలు, పూర్వ విద్యార్థుల జాబితా ఏడాదికి రెండుసార్లు ప్రతి తీసి సొసైటీ కార్యాలయంలో ఒకటి, మరోచోట ఒకటి భద్రపరచాలి. వాట్సాప్ గ్రూపును రికార్డు గది అనుకోకూడదు.

మూడవది, సక్రమంగా నడుస్తున్న ఏదైనా మాస్టోడాన్ సర్వర్‌లో సొసైటీ తరఫున ఒక ఖాతా తెరిచి ఒక ఏడాది నడిపి చూడవచ్చు. పైన చెప్పిన నాలుగు షరతులు ఒప్పుకున్న సర్వర్‌నే ఎంచుకోవాలి. ఇందుకు ఖర్చు లేదు. తెలుగులో రాసేవారు అక్కడ తక్కువ. కంప్యూటర్ చదువుతున్న మన పిల్లలకు ఇది మంచి అభ్యాసం కూడా అవుతుంది.

నాలుగవది, సొంత సర్వర్ ఆలోచన వస్తే ఒక్క సొసైటీగా దిగకూడదు. జిల్లాలోని నాలుగైదు విద్యా, సేవా సంస్థలు కలవాలి. మతంతో నిమిత్తం లేకుండా గ్రంథాలయాలు, పూర్వ విద్యార్థి సంఘాలు కూడా కలవవచ్చు. ఇద్దరు నిర్వాహకులు, ఒక ఫిర్యాదుల అధికారి, రాతపూర్వకమైన నియమాలు, కనీసం మూడేళ్ల ఖర్చుకు సరిపడే మూలధనం సమకూరిన తరువాతే ప్రారంభోత్సవం పెట్టుకోవాలి.

దాతలకు ఒక మాట. మనం గదులు కట్టించడానికి ఇష్టంగా ఇస్తాం, గుమ్మం మీద శిలాఫలకం ఉంటుంది కనుక. సున్నానికి, కరెంటు బిల్లుకు, గుమాస్తా జీతానికి ఇచ్చేవారు తక్కువ. ఆన్‌లైన్ స్థలంలో శిలాఫలకం వేసే గోడే లేదు. అక్కడ ఖర్చంతా నిర్వహణ ఖర్చే. అందుచేత సొసైటీ వార్షిక బడ్జెట్‌లో సమాచార నిర్వహణ అని ఒక చిన్న పద్దు వేరుగా చూపాలని కోరుతున్నాం. జకాత్ సొమ్ముకు నిర్ణీతమైన హక్కుదారులు ఉన్నారు గనుక ఈ ఖర్చును అందులో కలపకుండా సాధారణ విరాళాల నుంచే తీయాలన్నది మా అభిప్రాయం. ఏడాది చివర ఆ పద్దు లెక్కను కూడా మిగతా లెక్కలతో పాటు సర్వసభ్య సమావేశం ముందు పెట్టాలి.

మన ముందుతరం వారు చేతిరాత రిజిస్టర్లలో చందాలు రాసి, ట్రంకుపెట్టెలో తాళం వేసి దాచినందువల్లే నలభై ఏళ్లనాటి దాతల పేర్లు కూడా ఇప్పటికీ చదవగలుగుతున్నాం. ఇప్పటి మన లెక్కలూ మాటలూ మరో నలభై ఏళ్ల తరువాత మన పిల్లలు చదవగలగాలి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ విషయాన్ని చర్చకు తీసుకొని, బాధ్యత స్వీకరించే ఇద్దరు యువకులనూ ఇద్దరు యువతులనూ ఎంపిక చేయవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాం.